తుపాను తర్వాత కరెంటు తిరిగొచ్చే గంట: న్యూట్రల్ తెగిన వీధిలో మెయిన్ ఎప్పుడు వేయాలి, ఎగిరిన రేకులు ఎలా బిగించాలి

మీరు చెప్పిన పరిస్థితి ఇది. విశాఖ పెదవాల్తేరులో రెండంతస్తుల ఇల్లు, మేడ మీద రేకుల షెడ్డు. గాలికి సగం రేకులు పోయాయి. సర్వీస్ వైరు మీద కొబ్బరి మట్ట పడి వైరు కిందికి వేలాడుతోంది. ఎదురు వీధికి రెండో రోజే కరెంటు వచ్చింది, మీకు నాలుగో రోజుకీ లేదు. నిన్న పది నిమిషాలు వచ్చి పోయింది. ఆ పది నిమిషాల్లోనే మీ వరసలో చివరి రెండిళ్ళలో టీవీ, ఫ్రిజ్ బోర్డు కాలిపోయాయి. మీ కింది వాటాలో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే స్విచ్) వేస్తే నిలవలేదు. ఈలోగా పక్కింటి జనరేటర్ నుంచి వైరు లాక్కోవచ్చా అని అడిగారు.

ముందు ఆ కాలిపోయిన రెండిళ్ళ సంగతి చూద్దాం. ఇప్పుడు లేచి వెళ్ళి మీ మెయిన్ ఆపేయండి, తర్వాత మిగతాది చదవండి. ఇన్వర్టరు ఉంటే దానికి వెళ్ళే సప్లై స్విచ్ కూడా.

ఆ ఇళ్ళలో వస్తువులు కాలడానికి కారణం సబ్‌స్టేషన్ వాళ్ళు ఎక్కువ వోల్టేజ్ వదలడం కాదు. మీరు చెప్పిన లక్షణాలన్నీ న్యూట్రల్ తెగినప్పటివి. మన వీధి స్తంభాల మీద మూడు ఫేజులు (కరెంటు తెచ్చే తీగలు), ఒక న్యూట్రల్ (అది తిరిగి వెళ్ళే తీగ) వెళ్తాయి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. ఒక్కో ఇంటికి ఒక్కో ఫేజు, అందరికీ కలిపి ఒకటే న్యూట్రల్. చెట్టు కొమ్మ పడి ఆ న్యూట్రల్ ఎక్కడో తెగిందనుకోండి. తెగిన చోటు నుంచి చివరి వరకు ఉన్న ఇళ్ళు ఇక ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌తో సంబంధం లేకుండా, ఒక ఫేజు నుంచి ఇంకో ఫేజుకి వరసగా కలిసిపోతాయి. రెండిళ్ళే ఉన్నాయనుకుని లెక్క వేద్దాం. ఒక ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, రెండో ఇంట్లో 100 వాట్ల టీవీ. ఇస్త్రీ పెట్టె నిరోధం 53 ఓములు, టీవీది 529 ఓములు. ఈ రెండూ 400 వోల్టుల మధ్య వరసలో ఉంటే ఇస్త్రీ పెట్టెకి దక్కేది 36 వోల్టులు, టీవీకి పడేది 364. తక్కువ కరెంటు వాడుకునే ఇల్లే కాలిపోతుంది. అందుకే ఒకే వీధిలో ఒకరికి బల్బు మిణుకుమిణుకుమంటే ఇంకొకరికి పేలిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఎంసీబీ (బోర్డులో ఒక్కో సర్క్యూట్‌కి ఉండే బ్రేకరు) దీన్ని ఆపదు. అది కరెంటు ఎక్కువైతే పడుతుంది, వోల్టేజ్ ఎక్కువైతే పడదు. ఆర్‌సీసీబీ లీకేజీని చూస్తుంది తప్ప వోల్టేజ్‌ను చూడదు. దీన్ని ఆపగలిగేది ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ ఒక్కటే. ఎంసీబీ డబ్బాలోనే రెండు గళ్ళ చోటులో కూర్చుంటుంది, మీ మెయిన్ ఆంపియర్లకు సరిపడేది తీసుకోవాలి. సముద్రం పక్కనున్న ఇంటికి ఇది ఫ్రిజ్‌కి పెట్టే స్టెబిలైజర్ కన్నా ముందు కొనాల్సిన వస్తువు.

కరెంటు మళ్ళీ వచ్చినప్పుడు చేయాల్సిన పని ఇలా ఉంటుంది. వీధి దీపమో ఎదురింటి బల్బో వెలగగానే మెయిన్ వేయకండి. మొదటి పావుగంట సిబ్బంది లైను ఛార్జ్ చేసి చూస్తుంటారు, రెండుమూడు సార్లు పడిపోవడం మామూలే. ఆ పావుగంట గడిచాక, మెయిన్ ఆఫ్‌లోనే ఉంచి, మెయిన్‌కి పై వైపు, అంటే మీటరు నుంచి వచ్చే వైపు, మల్టీమీటరుతో మూడు రీడింగులు తీయించండి. ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్. మొదటి రెండూ 207 నుంచి 253 మధ్య ఉండి, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. మూడోది సున్నా నుంచి ఐదారు వోల్టుల లోపు ఉండాలి. న్యూట్రల్–ఎర్త్ మధ్య 20, 30 వోల్టులు చూపిస్తే, ఫేజు–న్యూట్రల్ 230 చూపిస్తున్నా సరే, మెయిన్ వేయొద్దు. వీధిలో ఎవరో ఒకరు గీజరు వేయగానే ఆ 230 మారిపోతుంది. పది నిమిషాల తేడాతో రెండుసార్లు కొలిస్తే ఇది బయటపడుతుంది. మల్టీమీటరు రీడింగు స్థిరంగా నిలబడాలి.

టెస్టర్ స్క్రూడ్రైవర్‌తో ఈ పని జరగదు. న్యూట్రల్ తెగినా టెస్టర్ హాయిగా వెలుగుతుంది. అయితే ఒక సంగతికి మాత్రం పనికొస్తుంది. ప్లగ్గు రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతూ, ఇంట్లో ఏదీ పనిచేయకపోతే, తెగింది వీధి న్యూట్రల్ కాదు, మీ సొంత సర్వీస్ న్యూట్రల్. ఫేజు మీ ఫ్యాన్ లోపల్నుంచి వెళ్ళి న్యూట్రల్ వైరులో నిలబడి ఉంటుంది. ‘కరెంటు లేదు కదా’ అని ఆ స్థితిలో స్విచ్ బోర్డులో చెయ్యి పెడితే ప్రాణం పోతుంది.

రీడింగులు బాగుంటే అన్ని ఎంసీబీలూ కిందికి దించి మెయిన్ ఒక్కటే వేయండి. తర్వాత ఒక లైట్ల సర్క్యూట్. ఒక బల్బు వేసి పది నిమిషాలు చూడండి. వెలుగు పెరిగి తగ్గితే వెంటనే ఆపేయండి. తర్వాత ఫ్యాన్లు. ఫ్రిజ్ ఇంకో పది నిమిషాల తర్వాత. ఏసీ, గీజరు, నీళ్ళ మోటారు ఆ రోజు సాయంత్రం దాకా ఆగినా నష్టం లేదు. మోటారుకి 190 వోల్టుల కన్నా తక్కువ ఉంటే అది తిరగలేక మూలుగుతుంది, నాలుగైదు నిమిషాల్లో వైండింగు మాడుతుంది. తుపాను తర్వాత వారం రోజుల పాటు మోటారు రిపేరు షాపుల ముందు కట్టే వరసకు ఒక కారణం అదే.

ఇప్పుడు వేలాడుతున్న సర్వీస్ వైరు. మట్టను కర్రతో లాగకండి. పచ్చి మట్ట, తడి వెదురు, రెండూ కరెంటు పాకిస్తాయి. మట్ట బరువుకి వైరు సాగినప్పుడు ముందు దెబ్బతినేది స్తంభం దగ్గర జాయింటు. పైకి వైరు తెగకుండా కనిపిస్తున్నా, లోపల న్యూట్రల్ పోగులు నాలుగు మిగిలి ఉండొచ్చు. లైన్‌మన్ వచ్చినప్పుడు మట్ట తీయించడమే కాకుండా జాయింటు విప్పి మళ్ళీ కట్టమని అడగండి. వైరు మార్చాల్సి వస్తే, 5 కిలోవాట్ల సింగిల్ ఫేజు ఇంటికి సుమారు 22 ఆంపియర్లు. రెండు కోర్ల 6 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు మామూలు దూరాలకు సరిపోతుంది, 30 మీటర్లు దాటితే 10 తీసుకోండి. బరువంతా జీఐ (జింకు పూసిన ఇనుప) బేరింగ్ వైరు మీద పడాలి, కరెంటు వైరు మీద కాదు. ఇంటి గోడ దగ్గర వైరు పైపులోకి వెళ్ళే ముందు ఒక జానెడు కిందికి వంచి మళ్ళీ పైకి తిప్పాలి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లేకపోతే వైరు పట్టుకుని నేరుగా మీటరులోకి జారుతుంది. మీటరు డబ్బాలు లోపల తడిసి పోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో మాట. అల్యూమినియం వైరునీ రాగి వైరునీ చేత్తో మెలిపెట్టి టేపు చుడితే ఉప్పు గాలికి కొంతకాలానికే ఆ జాయింటు తెల్లగా పొడి రాలుతుంది. లాసన్స్ బే, జాలరిపేట, రుషికొండ వైపు ఇంకా త్వరగా. ఈ రెండు లోహాలూ కలిసే చోట బైమెటాలిక్ లగ్గు వేయించండి. ఫేజు జాయింటును జాగ్రత్తగా చేసి న్యూట్రల్‌ను ఏదోలా చుట్టేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నిజానికి జాగ్రత్త పడాల్సింది న్యూట్రల్ దగ్గరే. ఫేజు ఊడితే చీకటవుతుంది. వీధి న్యూట్రల్ ఊడితే వస్తువులు కాలతాయి, సొంత సర్వీస్ న్యూట్రల్ ఊడితే చీకట్లోనే బోర్డు ప్రాణం తీస్తుంది.

ఆర్‌సీసీబీ నిలవకపోవడం మంచి లక్షణమే, అది తన పని చేస్తోంది. దాన్ని తప్పించి నేరుగా వైరు కలపమని ఎవరైనా చెబితే వినకండి. గాలి తోసుకొచ్చిన వాన కిటికీ పక్క స్విచ్ బోర్డుల్లోకి, బాల్కనీ లైట్లలోకి, మేడ మీది మోటారు స్టార్టర్‌లోకి వెళ్తుంది. పైన చెప్పిన మూడు రీడింగులు బాగున్నాకే, అన్ని ఎంసీబీలు దించి ఆర్‌సీసీబీ వేయండి. నిలిస్తే ఒక్కో ఎంసీబీ వేస్తూ పోతే ఏ సర్క్యూట్ పాడయిందో తెలుస్తుంది. అన్నీ దించినా పడిపోతుంటే కొందరు ఆర్‌సీసీబీయే పాడైందని మార్చేస్తారు. అక్కడ ఆగండి. మన ఇళ్ళలో ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. తడి వల్ల న్యూట్రల్, ఎర్త్ ఒకచోట తగిలితే ఎంసీబీ దించినా ఆర్‌సీసీబీ పడొచ్చు. మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకు నుంచి ఒక్కో సర్క్యూట్ న్యూట్రల్ విప్పుతూ ఎలక్ట్రీషియన్ వెతకాలి. అరగంట పని. దోషం ఉన్న సర్క్యూట్ దొరికాక దాని ఫేజు, న్యూట్రల్ రెండూ విప్పి పక్కన పెట్టి మిగతా ఇల్లు నడుపుకోవచ్చు.

తడిసిన బోర్డుల కవర్లు విప్పి రెండుమూడు రోజులు ఆరనివ్వండి. సముద్రపు తుంపర ఆరినా ఉప్పు అక్కడే ఉంటుంది, రాత్రి తేమకి మళ్ళీ చెమ్మగిల్లి లీకేజీ మొదలవుతుంది. తెల్లటి మరక కనబడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి తుడవాలి. నీటిలో మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీలను ఆరబెట్టి వాడొద్దు, మార్చేయండి. చివరగా 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొలిపించండి. అన్ని ప్లగ్గులూ తీసేసి, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మధ్య కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. మెగ్గర్ లేని ఎలక్ట్రీషియన్‌కి ‘టెస్టర్‌తో చూశాను, బాగుంది’ అనే మాట తప్ప వేరే ఆధారం ఉండదు.

ఎదురు వీధికి వచ్చి మీకు రాకపోవడం పక్షపాతం కాదు. కరెంటు బాగుచేయడం పై నుంచి కిందికి సాగుతుంది. ముందు 220, 132 కేవీ (కేవీ అంటే వెయ్యి వోల్టులు) లైన్లు, తర్వాత 33 కేవీ, తర్వాత 11 కేవీ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వీధుల ట్రాన్స్‌ఫార్మర్లకు వచ్చే లైను), ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, ఆఖరికి వీధి లైను, ఇంటి సర్వీసు. ఆస్పత్రులు, మంచినీళ్ళ పంపులు ఉన్న ఫీడర్లు ముందు. మీ వీధి మధ్య గీతలా పని చేసి, ఎదురు వరస ఒక ఫీడరు మీద, మీ వరస ఇంకో ఫీడరు మీద ఉండటం పాత కాలనీల్లో మామూలే. 1912కి ఫోన్ చేసినప్పుడు ‘మా ఏరియాలో కరెంటు లేదండి’ అంటే వాళ్ళకి తెలిసిందే మళ్ళీ చెప్పినట్టు. బిల్లు మీది సర్వీసు నంబరు, దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరు, ఏ స్తంభం దగ్గర ఏం జరిగింది (తీగ తెగిందా, చెట్టు పడిందా, స్తంభం ఒరిగిందా), ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద మిగతా ఇళ్ళకి ఉందా లేదా, చెప్పండి. ‘చివరి రెండిళ్ళలో వస్తువులు కాలాయి, న్యూట్రల్ తెగినట్టుంది’ అన్న ఒక్క వాక్యం మీ ఫిర్యాదు ప్రాధాన్యాన్ని మార్చగలదు. ఆ వాక్యం తప్పకుండా చెప్పండి.

గాలి ఆగి, చెట్లన్నీ తీసేశాక కూడా ఫీడరు తెల్లవారుజామున పదేపదే పడిపోవడం విశాఖలో తరచూ కనిపిస్తుంది. కారణం ఉప్పే. సముద్రపు తుంపర స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లకు పొరలా అంటుకుంటుంది. పగలు ఎండకి పొడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. మంచు పడగానే ఆ పొర తడిసి కరెంటు దాని మీదుగా పాకుతుంది. బీచ్‌కి సమాంతరంగా వెళ్ళే లైన్ల మీద ఇది ఎక్కువ. జోరువాన ఒకటి పడితే కడిగేస్తుంది, చిరుజల్లు మాత్రం పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. ఇదే ఉప్పు మీ ఏసీ బయటి యూనిట్ మీదా ఉంటుంది. కరెంటు పూర్తిగా ఆపి, మంచినీళ్ళతో, ఒత్తిడి లేకుండా, ఫిన్నులు వంగకుండా కడిగి, ఒక పూట ఆరనిచ్చి వేయండి.

హుద్‌హుద్ తుపాను తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కొన్ని ప్రాంతాల్లో భూగర్భ కేబుళ్ళు వేశారు. అక్కడ గాలికి తీగలు తెగే బాధ లేదు. కానీ వీధి పక్కన నిలబెట్టిన పిల్లర్ డబ్బాల చుట్టూ నీరు నిలిస్తే వాటికి దూరంగా నడవండి, పిల్లల్ని ఆనుకోనివ్వకండి. భూగర్భ కేబుల్‌లో దోషం వస్తే కంటికి కనబడదు, పరికరంతో చోటు పట్టి తవ్వాలి. అందుకే అక్కడ కరెంటు పోవడం తక్కువే అయినా, పోతే రావడానికి ఎక్కువసేపు పట్టొచ్చు.

నేల మీద పడిన తీగ గురించి పిల్లలకీ పెద్దలకీ ఒకటే నియమం: పది మీటర్ల దూరం. చప్పుడు లేదు, మెరుపు లేదు అంటే చచ్చిన తీగ అని కాదు. 11 కేవీ తీగ పొడి ఇసుక మీదో తారు రోడ్డు మీదో పడితే భూమిలోకి వెళ్ళే కరెంటు తక్కువగా ఉండి సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడకపోవచ్చు. లైను ఆపేసి ఉన్నా, ఇంకెవరి జనరేటరో దాన్ని వెనకనుంచి బతికించొచ్చు. తీగకి దగ్గర్లో ఉన్నామని గుర్తించేసరికే ఆలస్యమైతే పరుగెత్తకండి. రెండు పాదాల మధ్య దూరం ఎంత పెరిగితే అంత వోల్టేజ్ కాళ్ళలోంచి వెళ్తుంది. పాదాలు నేల విడవకుండా, ఒకదాని పక్కన ఒకటి జరుపుకుంటూ వెనక్కి రావాలి. కారు మీద పడితే, మంటలు లేనంతవరకు లోపలే కూర్చోవాలి. ఇనుప గేటు, కంచె, మేడ మీద బట్టలారేసే తీగ, ఇవి తెగిన సర్వీస్ వైరుకి ఎక్కడో తగులుతూ ఉండొచ్చు. తడి బట్టలు పట్టుకుని దండెం దగ్గరికి వెళ్ళే ముందు ఆ తీగ రెండు కొనలూ ఎక్కడ కట్టి ఉన్నాయో ఒకసారి కళ్ళతో చూడండి. ఇనుప దండెం తీసేసి నైలాన్ తాడు కట్టుకుంటే ఈ భయమే ఉండదు.

ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కి ఫ్యూజు వేయగలనని ముందుకొచ్చే కుర్రాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. ఆపండి. పక్క సెక్షన్‌లో ఎవరు ఏ స్తంభం మీద ఉన్నారో ఆ అబ్బాయికి తెలియదు.

పక్కింటి జనరేటర్ సంగతి. తీసుకోవచ్చు, మీ ఇంటి వైరింగులోకి మాత్రం కాదు. రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరు చేసి సాకెట్‌లో గుచ్చడం ఎక్కువమంది చేసేది, అత్యంత ప్రమాదకరమైనదీ అదే. ఆ 230 వోల్టులు మీ సర్వీస్ వైరు గుండా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరితే, అది తిరగబడి పై తీగలోకి దాదాపు పది వేల వోల్టులు పంపుతుంది. లైను ఆపించుకుని స్తంభం ఎక్కిన మనిషి చేతిలో ఆ తీగ ఉంటుంది. ‘మెయిన్ ఆపే ఉంచాను’ అన్న భరోసా చాలదు, కుటుంబంలో ఎవరో తెలియక వేస్తారు.

సరైన పద్ధతి: 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల కేబులు, మూడు పిన్నుల ప్లగ్గు, అటు చివర ఎక్స్‌టెన్షన్ బాక్సు. వస్తువులను నేరుగా ఆ బాక్సులోనే పెట్టండి. చుట్ట పూర్తిగా విప్పాలి, చుట్టలో వైరు వేడెక్కి కరుగుతుంది. నీటి గుంటల మీదుగా కాకుండా పైనుంచి తీసుకెళ్ళండి. 2 కేవీఏ జనరేటరు నిజంగా ఇవ్వగలిగేది సుమారు 1600 వాట్లు, అందులో పక్కింటివారి వాడకం తీసేసి లెక్కపెట్టండి. ఫ్రిజ్ నడిచేటప్పుడు 150 వాట్లే అయినా మొదలయ్యే క్షణంలో దానికి ఆరేడు రెట్లు లాగుతుంది. 1 హెచ్‌పీ నీళ్ళ మోటారుకి కనీసం 3 కేవీఏ కావాలి. జనరేటరు ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టాలి. బాల్కనీలో, సెల్లార్‌లో, మెట్ల కింద పెట్టి తలుపు తీసి ఉంచితే చాలనుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే తీసుకెళ్తుంది. ఇకపై మీరే కొనుక్కుంటే ఫేజునీ న్యూట్రల్‌నీ రెండింటినీ తిప్పే, మధ్యలో ఆఫ్ ఉండే చేంజోవర్ స్విచ్ పెట్టించుకోండి.

ఇన్వర్టరు 150 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద 1800 వాట్‌అవర్లు, చేతికి వచ్చేది 1100 నుంచి 1200. మామూలు ఫ్యాన్లు రెండు, ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, వైఫై రూటరు కలిపితే సుమారు 195 వాట్లు, ఆరు గంటలు. అవే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే (తక్కువ కరెంటుతో తిరిగేవి) సుమారు 100 వాట్లు, పదకొండు గంటలు. మేడ మీద సోలార్ పలకలున్నా చాలామందికి బ్యాటరీ లేనిదే ఉంటుంది, కరెంటు లేకపోతే అది ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కోసం దాన్ని అలాగే తయారుచేశారు. పగిలిన పలక మాత్రం పగటి వెలుతురులో డీసీ కరెంటు తయారుచేస్తూనే ఉంటుంది, ముట్టుకోకండి.

ఇక రేకులు. గాలి రేకును తోసి పడగొట్టదు, పైకి పీల్చి ఎత్తుతుంది. గాలి ఒత్తిడి లెక్క సులువు: వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు న్యూటన్లు వస్తాయి. విశాఖకు కట్టడాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాదాపు ఆ వేగంతోనే నగరం మీదికి వచ్చింది. ఆ వేగానికి చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువు. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పున్న రేకు మీద 450 కిలోలు పైకి లాగుతాయి. అంచుల్లో, మూలల్లో దీనికన్నా ఎక్కువ. సిమెంటు రేకు బరువు నలభై కిలోల చిల్లర, జీఐ రేకు పదిహేను. దాని మీద రెండు ఇసుక బస్తాలు పెట్టినా లెక్క ఎక్కడా సరితూగదు. పైగా రేకు లేచాక ఆ బస్తాలు ఎవరి మీద పడతాయో తెలియదు.

అందుకే మీ షెడ్డులో మొదట ఏం తెగిందో చూడండి. బోల్టులు అక్కడే ఉండి, రంధ్రాలు చిరిగి రేకు పోయిందా? అయితే వాషర్లు చిన్నవి. బోల్టు తెగిందా? అయితే తుప్పు. పైపుతో సహా రేకు లేచిందా? అయితే రేకు, బోల్టు బాగున్నాయి, పైపు గోడలో ఆనిన చోటు బలహీనం. మన మేడల మీది షెడ్లలో ఎక్కువగా జరిగేది మూడోదే. నాలుగున్నర అంగుళాల గోడలో పైపు దోపి సిమెంటు పూస్తారు, అది పైకి లాగే బరువుకి ఏమాత్రం ఆగదు. ప్రతి పైపు స్తంభానికి కింద బేస్ ప్లేటు, నాలుగు 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు, స్లాబు బీము మీద లేదా కాంక్రీటు స్తంభం మీద దిగాలి. ఇటుక గోడ మీద కాదు.

జే బోల్టులు (రేకును అడ్డపైపుకి పట్టే, కొక్కెంలా వంగినవి) 8 మిల్లీమీటర్లవి, వేడి జింకులో ముంచినవి తీసుకోండి. మెరిసే పూత పూసిన మామూలువి బీచ్ దగ్గర రెండుమూడేళ్ళలో పోతాయి. రంధ్రం ఎప్పుడూ రేకు గుబ్బ మీద, పల్లంలో కాదు. వాషరు జీఐది, కింద తారు లేదా రబ్బరుది. జీఐ రేకుకి 25 మిల్లీమీటర్ల కన్నా పెద్ద వాషర్లు. నడిమధ్య రేకుకి ఒక్కో అడ్డపైపు దగ్గర రెండేసి బోల్టులు చాలు, నాలుగు అంచుల్లో, మూలల్లో మూడేసి వేయండి. అంచు వరసలో అడ్డపైపుల దూరం మీటరుకి మించనీయకండి. గోడ దాటి బయటికి వచ్చే చూరు ఒక అడుగు లోపే. అందం కోసం రెండడుగులు వదిలితే గాలి ముందు దాన్నే పట్టుకుంటుంది. ఒకవైపు మాత్రమే తెరిచి ఉన్న షెడ్డు గాలిని సంచిలా నింపుకుంటుంది. అన్ని వైపులా మూయండి, లేదా ఎదురెదురు వైపులు తెరవండి.

గాలి ఒక దిక్కు నుంచే వస్తుందనుకుని ఒకవైపే గట్టిగా బిగించొద్దు. తుపాను కన్ను మీదుగా పోతే ఈశాన్యం వైపు నుంచి కొట్టిన గాలి కాసేపు ఆగి, నైరుతి నుంచి తిరగబడుతుంది. హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగానే పోయింది. ఆ మధ్యలో నిశ్శబ్దంగా ఉన్న కాసేపట్లో మేడ ఎక్కడం అన్నిటికన్నా ప్రమాదం.

పాత రేకులు ఆస్బెస్టాస్‌వి అయి ఉంటే కోత మిషను పెట్టకండి. నీళ్ళు చల్లి, పగలగొట్టకుండా, పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కు కట్టుకుని (ఎన్95 చాలదు), ముక్కలు దళసరి సంచుల్లో వేయండి. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. తడిసిన పాత సిమెంటు రేకు మీద నిలబడితే విరిగి కిందపడతారు, అడ్డపైపుల మీదుగా పలక వేసుకుని దాని మీదే నడవాలి.

పిట్టగోడ పగిలి ఉందేమో, నీళ్ళ ట్యాంకు దిమ్మె మీద నుంచి జరిగిందేమో చూడండి. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది, నిండా ఉన్న వెయ్యి లీటర్లది ఒక టన్ను. అద్దాలకు అతికించే టేపు బలం ఇవ్వదు, పగిలాక ముక్కలు ఒకచోట ఉంచుతుందంతే. గాలి వైపు కిటికీ పగిలితే లోపలికి దూరిన గాలి పైకప్పును కింది నుంచి కూడా తోస్తుంది, కాబట్టి పగిలిన అద్దం స్థానంలో ఈ వారమే ప్లైవుడ్ అయినా బిగించండి.

ఒరిగిన చిన్న చెట్లు, వేళ్ళు సగానికి పైగా నేలలో ఉంటే, నిలబెట్టొచ్చు. రెండుమూడు రోజుల్లో చేయాలి. అప్పటిదాకా వేళ్ళ మీద తడి గోనె కప్పండి, కొమ్మలు మూడో వంతు కొట్టి, మూడు వైపుల నుంచి ఊతం కట్టండి. వేళ్ళతో సహా పడిన పెద్ద చెట్టును మాత్రం మొదలు దగ్గర కోయొద్దు. మాను తెగగానే వేళ్ళ గడ్డ ఒక్కసారిగా వెనక్కి లేస్తుంది.

ఏదీ సర్దకముందే ఫొటోలు తీయండి: ఎగిరిన రేకులు, తెగిన బోల్టులు, తడిసిన బోర్డులు, కాలిన వస్తువుల సీరియల్ నంబర్లు. 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్షా ఇంటి పాలసీలో తుపాను నష్టం ఉంటుంది, వోల్టేజ్ వల్ల కాలిన వస్తువులకు మాత్రం పాలసీ కాగితంలో విడిగా చూడాలి. చివరి రెండిళ్ళవారితో 1912 ఫిర్యాదు నంబరు, తేదీ, గంట రాసి పెట్టుకోమని చెప్పండి.

మెయిన్ పై వైపు తీసిన మూడు రీడింగులు, స్తంభం నుంచి మీటరు దాకా వైరు పొడవు, ఇంట్లో ఏసీలు, గీజర్లు ఎన్నో రాయండి. సర్వీస్ వైరు సైజు, ప్రొటెక్టర్ ఎన్ని ఆంపియర్లది కావాలో లెక్కకట్టి చెబుతాను. షెడ్డు పొడవు, వెడల్పు, అడ్డపైపుల మధ్య దూరం రాస్తే బోల్టుల సంఖ్య కూడా.